పత్తి చేనులో పొద్దంతా పని, ప్యాడ్ మార్చే చోటు లేదు: కప్పు వాడటం ఎలా నేర్చుకోవాలి అక్కా?

పరకాల చేను:
అక్కలందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. డిగ్రీ అయిపోయింది. పోటీ పరీక్షలకు చదువుకుంటూ అమ్మానాన్నలతో చేను పనికి పోతున్నాను. దసరా దాటి పత్తి ఏరుడు మొదలైందంటే పొద్దున పోయినవాళ్ళం పొద్దుగూకేదాకా అక్కడే. బాత్రూమ్ లేదు, నీళ్ళంటే ఇంటి నుంచి తీసుకుపోయిన సీసాలే. పీరియడ్స్ ఉన్న రోజుల్లో ప్యాడ్ మార్చుకునే చాటు దొరకదు. చెమటకు తొడలు ఒరుసుకుని పుండ్లు పడుతున్నాయి. వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి సాయంత్రం దాకా సంచిలో పెట్టుకోవాలి.

హన్మకొండ హాస్టల్‌లో ఉండే నా ఫ్రెండ్ ప్యాడ్‌కు బదులు మెన్‌స్ట్రువల్ కప్పు వాడుతోంది, అంటే పీరియడ్స్ రక్తం పట్టడానికి యోని లోపల పెట్టుకునే మెత్తటి సిలికాన్ కప్పు. తన మాట మీద ఆన్‌లైన్‌లో చిన్న సైజు తెప్పించుకున్నాను. లోపలికి పోవడం లేదు. కొంచెం పోగానే మంట పుట్టి తీసేశాను. నాకు పెళ్ళి కాలేదు, అమ్మకు తెలిస్తే ఏమంటుందోనని టెన్షన్. ఎలా పెట్టాలి, ఇరుక్కుపోతే ఎలా తీయాలి, చేనులో చేతులు ఎలా కడుక్కోవాలి, ఇంట్లో ఎక్కడ మరిగించుకోవాలి? ఏ ఒక్కటి తెలిసినా చెప్పండి.

కాజీపేట జంక్షన్:
చెల్లె, మొదటిసారి చేనుకు పోయే రోజు మాత్రం పెట్టుకోకు. ఇంట్లో తొందర లేని సాయంత్రం, తలుపు గడియ పెట్టుకుని చెయ్యి. ఏ రోజు ప్రయత్నించావు? డేట్ వచ్చాకా, రాకముందా?

పరకాల చేను:
రాకముందే అక్కా. ముందుగా నేర్చుకుని ఉంటే మంచిదనుకున్నాను.

కాజీపేట జంక్షన్:
మంట అందుకే వచ్చి ఉంటుంది. ఆ రోజుల్లో లోపల పొడిగా ఉంటుంది, కప్పు ఒరుసుకుంటుంది. ఎక్కువ అవుతున్న రోజు చూడు, తేడా నీకే తెలుస్తుంది.

హన్మకొండ స్టాఫ్ నర్స్:
చెల్లె, నేను ప్రసూతి వార్డులో పని చేస్తాను. కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మన ఒంట్లో ఏది ఎక్కడ ఉందో బడిలో చెప్పరు, ఇంట్లో చెప్పరు. పిల్లలు పుట్టాక కూడా తెలియని వాళ్ళను రోజూ చూస్తున్నాను.

మూత్రం వచ్చే దారి వేరు, యోని వేరు. కాబట్టి కప్పు లోపల ఉండగానే మూత్రానికి పోవచ్చు. యోని పొడవు మామూలుగా ఏడు నుంచి పది సెంటీమీటర్లు. పై చివర గర్భాశయ ముఖద్వారం ఉంటుంది, దాని రంధ్రం చాలా సన్నం. కప్పు అది దాటి కడుపులోకి పోయే అవకాశమే లేదు. ఈ ఒక్క భయం పోతే సగం పని అయినట్టే.

చాలామంది కప్పును నిటారుగా పైకి తోస్తారు. దారి అలా ఉండదు, నడుము కింది ఎముక వైపు వెనక్కి వాలి ఉంటుంది. అటు తోయాలి. భయపడితే కండరాలు బిగుసుకుంటాయి, అప్పుడు వేలు కూడా పోదు. గొంతుక్కూర్చో, లేదా ఒక కాలు స్టూల్ మీద పెట్టు. నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ ఉంటే కండరాలు సడలుతాయి. కప్పును శుభ్రమైన నీళ్ళతో తడిపితే జారుతుంది. అది చాలకపోతే మందుల షాపులో నీటి ఆధారిత జెల్ అడుగు. సిలికాన్ జెల్ వద్దు, కప్పు పాడవుతుంది.

కప్పు కంటే ముందు సబ్బుతో కడిగిన వేలితో దారి చూసుకో, గోరు కత్తిరించుకుని. డేట్ ఉన్న రోజుల్లోనే చూడాలి, ఎందుకంటే ముఖద్వారం ఎత్తు నెలలో మారుతూ ఉంటుంది. వేలికి ముక్కు కొనలా గట్టిగా, గుండ్రంగా తగిలేది అదే. వేలు ఒక కణుపు పోగానే తగిలితే పొట్టి కప్పు కావాలి. వేలంతా పోయాక తగిలినా, అసలు తగలకపోయినా పొడుగు కప్పు సుఖంగా ఉంటుంది. డబ్బా మీద కాన్పు కాని వాళ్ళకు చిన్నది, కాన్పు అయిన వాళ్ళకు పెద్దది అని రాస్తారు. అది ఒక అంచనా మాత్రమే, ఈ ఎత్తు కూడా చూసుకోవాలి.

నొప్పి పుడితే ఆపు. బలవంతం చేయొద్దు. మరుసటి నెల చూడొచ్చు. ఎప్పుడు ప్రయత్నించినా వేలు కూడా పోనంతగా బిగుసుకుపోతుంటే లేడీ డాక్టర్‌కు చెప్పు. కండరాలు మన ప్రమేయం లేకుండా బిగుసుకునే సమస్య ఒకటి ఉంది, దానికి చికిత్స ఉంది.

మంచిర్యాల టీచర్:
నర్సక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను మడత గురించి చెప్తాను. కప్పుతో వచ్చే కాగితంలో ఎక్కువగా చూపించేది మధ్యకు నొక్కి సగానికి మడిచే పద్ధతి. అంచు లావుగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకు అదే కష్టం. దానికి బదులు అంచులో ఒక చోట చూపుడు వేలు పెట్టి లోపలికి, అడుగు వైపుకు నొక్కు. పక్కలను దగ్గరకు పట్టుకుంటే పైకొన సన్నగా అవుతుంది. నాకు ఇదే పనికొచ్చింది, నేను నేర్పిన మా తోటి టీచర్లకూ ఇదే పనికొచ్చింది.

లోపలికి పోయాక కప్పు విచ్చుకోవాలి. విచ్చుకోకపోతే పక్క నుంచి కారుతుంది, అప్పుడు మనం సైజు తప్పని తిట్టుకుంటాం. అడుగు భాగం చుట్టూ వేలు తిప్పి చూడు. గుండ్రంగా తగిలితే సరే. ఎక్కడైనా సొట్ట తగిలితే అడుగును పట్టుకుని కొంచెం తిప్పు, లేదా కాస్త కిందికి లాగి వదులు, విచ్చుకుంటుంది. ఇంకో సంగతి, కప్పు గర్భాశయ ముఖద్వారం కింద ఉండాలి, దాని పక్కన కాదు. పక్కకు పోతే కప్పు ఖాళీగానే ఉంటుంది, బట్టలు మాత్రం తడుస్తాయి.

గోదావరిఖని క్వార్టర్స్:
తీసేటప్పుడు కప్పు అడుగున తోకలా ఉండే కాడ పట్టుకుని గుంజొద్దు! కప్పు గోడకు అతుక్కుని ఉంటుంది, గాలి పోనివ్వకుండా గుంజితే నొప్పి. గొంతుక్కూర్చుని, విరేచనానికి ముక్కినట్టు కొద్దిగా కిందికి ఒత్తిడి పెడితే కప్పు కిందికి దిగుతుంది. అడుగు చేతికి అందాక దాన్ని రెండు వేళ్ళతో నొక్కు, లేదా వేలు అంచు దాకా పోనిచ్చి ఒక పక్క లోపలికి నొక్కు. గాలి పోయిన చప్పుడు వస్తుంది. అప్పుడు అటూ ఇటూ కొంచెం కదుపుతూ నిటారుగా తీయాలి.

చేతికి అందకపోతే గాభరా పడి తవ్వుకోవద్దు. కాసేపు అటూ ఇటూ నడిచి, నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చో. మా చెల్లెలు మొదటిసారి అందట్లేదని ఏడుస్తూ ఫోన్ చేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే ఒళ్ళు సడలింది, వచ్చేసింది.

జగిత్యాల పెద్దమ్మ:
బిడ్డా, మీరంతా చదువుకున్నవాళ్ళు, నేను కాదనడం లేదు. కానీ పెళ్ళి కాని పిల్ల అట్లాంటిది లోపల పెట్టుకుంటే రేపు అత్తగారింట్లో ఏమైనా మాట వస్తే ఎవరు జవాబు చెప్తారు? ఆ పిల్ల తల్లి కూడా నాలాగే అనుకుంటుంది కదా. ఆ భయం కూడా చూడండి.

హన్మకొండ స్టాఫ్ నర్స్:
పెద్దమ్మా, మీరు అడిగింది మంచిదే, ప్రతి తల్లి మనసులో ఉన్న మాట ఇది. కన్నెపొర అంటే దారికి అడ్డంగా మూసి ఉన్న తలుపు అనుకుంటాం. నిజానికి అది దారి అంచున ఉండే పలుచని, సాగే పొర. మధ్యలో మొదటి నుంచే ఖాళీ ఉంటుంది, లేకుంటే పెద్దమనిషి అయిన పిల్లకు నెలనెలా రక్తం బయటికి ఎలా వస్తుంది? పొర ఆకారం ఒక్కొక్కరిలో ఒక్కో రకం. కప్పుతో అది సాగొచ్చు, కొంచెం చిరగనూవచ్చు. కానీ దాన్ని చూసి ఒక అమ్మాయి ఎవరితోనైనా కలిసిందో లేదో ఏ డాక్టరూ చెప్పలేరు. అలాంటి పరీక్షకు శాస్త్రం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

కేయూ లా విద్యార్థిని:
చట్టం సంగతి కూడా చెప్తాను పెద్దమ్మా. అత్యాచార బాధితులు అంతకుముందు ఎవరితోనైనా కలిశారా అని వేళ్ళు పెట్టి చూసే రెండు వేళ్ళ పరీక్ష వాళ్ళ గౌరవానికి, గోప్యతకు భంగమని సుప్రీంకోర్టు 2013లోనే అన్నది. అయినా ఆగకపోయేసరికి 2022 అక్టోబర్‌లో, ఇకపై ఎవరైనా ఆ పరీక్ష చేస్తే దుష్ప్రవర్తన కింద లెక్క అని తీర్పులో రాసింది. కోర్టులోనే నిలబడని మాటకు అత్తగారింట్లో మన పిల్ల ఎందుకు జవాబు చెప్పుకోవాలి? అడిగినవాళ్ళదే తప్పు.

జగిత్యాల పెద్దమ్మ:
చాటు లేక, మార్చుకునే వీలు లేక మా కాలంలో మేము పడ్డ బాధ నాకు గుర్తుంది. బీడీలు చుట్టుకుంటూ కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయేవాళ్ళం. ఆ పిల్లను తల్లికి చెప్పే చేయమనండి. దొంగతనంగా చేయాల్సిన పని కాదు కదా.

నర్సంపేట మిర్చి:
చేను పని చేసేవాళ్ళకు నేను చెప్పే మాట ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా. మిర్చి ఏరిన చేతులతో కప్పు ముట్టుకోవద్దు. సబ్బుతో ఒక్కసారి కడిగితే కారం పోదు. ముందు చేతులకు నూనె రాసి బాగా రుద్ది, తర్వాత సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడగాలి. గోళ్ళ సందులో మిగిలినా మంట ప్రాణం తీస్తుంది. పత్తికి మందు కొట్టిన రోజైతే ఇంకా జాగ్రత్త, ఆ చేతులతో అసలు వద్దు.

అందుకే నేను చేనులో తీయను. పొద్దున పోయేముందు ఖాళీ చేసి పెట్టుకుంటాను, ఇంటికొచ్చి స్నానం చేసి తీస్తాను. చేనులో తియ్యక తప్పకపోతే ఒక సీసా నీళ్ళు, సబ్బు ముక్క విడిగా పెట్టుకో. ముందు చేతులు కడుక్కో. కప్పు ఖాళీ చేసి, మిగిలిన నీళ్ళతో కడిగి పెట్టుకో. నీళ్ళు అయిపోతే శుభ్రమైన టిష్యూతో తుడిచి పెట్టుకుని ఇంటికొచ్చాక కడగొచ్చు. వాగు నీళ్ళతో, బావి దగ్గర తొట్టి నీళ్ళతో కడగొద్దు.

వరంగల్ బ్యాంకు క్యాషియర్:
ఎన్ని గంటలు ఉంచొచ్చు? నేను కొన్న డబ్బా మీద 12 అని ఉంది.

హన్మకొండ స్టాఫ్ నర్స్:
ఎక్కువ కంపెనీలు 8 నుంచి 12 గంటలు అంటాయి. 12 హద్దు, అంతకు మించి వద్దు. మొదటి రెండు రోజులు ఎక్కువ అయ్యేవాళ్ళు ఇంకా ముందే తీయాల్సి వస్తుంది. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే జబ్బు చాలా అరుదు, కానీ ప్రమాదం. కప్పు ఉన్నప్పుడు ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండకు కమిలినట్టు ఒంటి మీద ఎర్రటి దద్దు, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే తీసేసి ఆసుపత్రికి పోవాలి. కప్పు వాడుతున్న సంగతి డాక్టర్‌కు మొదటే చెప్పాలి, సిగ్గుపడి దాచొద్దు.

సుబేదారి కోడలు:
మరిగించడం గురించి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఆ రోజుల్లో వంటింట్లోకి రానివ్వరు, ఇక కప్పు పొయ్యి మీద పెట్టడం ఎక్కడిది! నేను చేసేది ఇది. డేట్ వచ్చే ముందే, అంటే వంటింట్లోకి పోగలిగే రోజుల్లోనే మరిగించి బట్ట సంచిలో పెట్టుకుంటాను. అయిపోయి తలస్నానం చేశాక మళ్ళీ మరిగించి దాస్తాను. మధ్యలో రోజూ మరిగించే అవసరం లేదు, మంచినీళ్ళతో, వాసన లేని సబ్బుతో కడిగితే చాలు. దీనికోసం చిన్న స్టీలు గిన్నె విడిగా కొన్నాను, ఇంకా దేనికీ వాడను. కప్పు మునిగేన్ని నీళ్ళు పోసి ఐదు నుంచి పది నిమిషాలు. అడుగుకు అంటుకుంటే కాలిపోతుంది, కాబట్టి టీ జాలిలో పెట్టి ముంచుతాను. పొయ్యి మీద పెట్టి వేరే పనికి పోవద్దు.

పల్లెల్లో స్నానానికి నీళ్ళు కాగబెట్టే పొయ్యి బయటే ఉంటుంది కదా, దాని మీదైనా చేసుకోవచ్చు. డెటాల్, బ్లీచింగ్ లాంటివి ముట్టించొద్దు, లోపల చర్మం మండుతుంది. అంచు కింద సన్న రంధ్రాలు ఉంటాయి, వాటిలో రక్తం ఎండితే గాలి ఆడదు. కప్పు నిండా నీళ్ళు పోసి అరచేయితో మూసి నొక్కితే ఆ రంధ్రాల నుంచి నీళ్ళు చిమ్ముతాయి, శుభ్రమవుతాయి. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో దాచొద్దు.

భూపాలపల్లి తల్లి:
నాకు కాన్పు తర్వాత కాపర్-టి వేశారు. కప్పు వాడొచ్చా?

హన్మకొండ స్టాఫ్ నర్స్:
అక్కా, వేసిన డాక్టర్‌ను అడగకుండా వద్దు. కాపర్-టి దారం కిందికి వేలాడుతూ ఉంటుంది. గాలి తీయకుండా కప్పు గుంజితే, లేదా దారం వేళ్ళకు చిక్కితే కాపర్-టి జారి రావచ్చు. కొందరికి దారం పొట్టిగా కత్తిరించి, తీసే పద్ధతి నేర్పి అనుమతిస్తారు. కాన్పు అయిన కొత్తలో వచ్చే రక్తస్రావానికి మాత్రం కప్పు అసలు వద్దు. ఆరు వారాల తర్వాత చూపించుకుని అప్పుడు అడుగు.

కరీంనగర్ ల్యాబ్:
ఇక్కడ ఒక విషయం మీద గట్టిగా రాయాలనిపిస్తోంది. నాకు మస్తు ఎక్కువ అయ్యేది. ఎంత అని డాక్టర్ అడిగితే నాలుగు ప్యాడ్లు, ఆరు ప్యాడ్లు అని చెప్పేదాన్ని. కప్పుకు లోపల మిల్లీలీటర్ల గీతలు ఉన్నాయి. ప్రతిసారీ చూసి ఫోన్‌లో రాసుకున్నాను. ఒక నెలసరి మొత్తంలో 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ రక్తస్రావం అంటారు. నాది చాలా దాటింది. హిమోగ్లోబిన్ చూపిస్తే తక్కువ వచ్చింది, ఆడవాళ్ళకు 12 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉందని తేలింది. మనకు నీరసం అలవాటైపోయి అది జబ్బని కూడా అనుకోం.

మా దిక్కు ఎక్కువ అవుతోందంటే గర్భసంచి తీయించుకో అనే మాట తొందరగా వస్తుంది. మా పిన్నికి ముప్పై ఏళ్ళు దాటగానే తీసేశారు, ఆ తర్వాత నడుం నొప్పులతో పడ్డ బాధ కళ్ళారా చూశాను. ఆపరేషన్ తప్పనివాళ్ళు ఉంటారు, నిజమే. కానీ ముందు స్కానింగ్, థైరాయిడ్ పరీక్ష, రక్త పరీక్ష, మందులతో తగ్గే దారులు ఉన్నాయి. నేను రాసుకున్న లెక్క పట్టుకుని పోయేసరికి డాక్టర్ దాన్ని చూసి, మందులతో మొదలుపెట్టారు. తగ్గింది. కప్పు నాకు చేసిన పెద్ద మేలు ఇదే.

నిర్మల్ బొమ్మ:
నేను కొన్ని నెలలు చూసి మానేశాను. పెట్టిన ప్రతిసారీ కడుపులో పోటు, మూత్రం సరిగ్గా రాకపోవడం. ఇప్పుడు మెత్తటి నూలు గుడ్డ ప్యాడ్లు కుట్టుకుని, చల్లటి నీళ్ళలో నానబెట్టి, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసుకుంటున్నాను. హాయిగా ఉంది. పరకాల చెల్లెకు కప్పు కుదరకపోతే తనలో ఏదో లోపం ఉందనుకోవద్దని ఇది రాస్తున్నాను.

మంచిర్యాల టీచర్:
నిర్మల్ అక్క చెప్పింది అందరూ చదవాలి. పోటు, మూత్రం ఇబ్బంది గట్టి కప్పు మూత్రాశయాన్ని నొక్కినా వస్తాయి. మెత్తని రకం పెడితే కొందరికి తగ్గుతుంది, అయినా ఇష్టం ఆమెది.

ఎంత కాలం పడుతుందని అడిగేవాళ్ళకు: 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 43 అధ్యయనాలు కలిపి చూసిన సమీక్ష వచ్చింది, అందులో 3,300 మందికి పైగా ఆడవాళ్ళ అనుభవం ఉంది. కారడం ప్యాడ్లతో సమానం లేదా తక్కువ అని, అలవాటుకు కొన్ని నెలలు పడుతుందని, పక్కన చెప్పేవాళ్ళు ఉంటే తేలికవుతుందని తేలింది. అలవాటైన వాళ్ళలో సుమారు 70 శాతం మంది కొనసాగిస్తామన్నారు. కేరళలో ఎర్నాకుళం జిల్లా కుంబళంగిలో కప్పులు ఊరికే ఇచ్చి వదిలేయకుండా ముందు ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు, 2022 జనవరిలో ప్యాడ్లు లేని ఊరని ప్రకటించారు. మన దగ్గర ఆశా కార్యకర్తలకు, గురుకులాల టీచర్లకు ఎవరైనా ఇలా కూర్చోబెట్టి నేర్పితే ఎంత బాగుంటుంది! వాళ్ళు చెప్తే ఊరు వింటుంది.

పరకాల చేను:
అక్కలందరికీ మస్తు థ్యాంక్స్. పెద్దమ్మ మాట విని ముందు అమ్మకే చెప్పాను. నర్సక్క రాసింది చదివి వినిపించాను. మొదట ఏమీ అనలేదు, తర్వాత “నొప్పి పుడితే తియ్యి” అన్నది. విడిగా గిన్నె కూడా తనే ఇచ్చింది.

ఈసారి డేట్ వచ్చిన రోజు సాయంత్రం మంచిర్యాల అక్క చెప్పిన మడతతో గొంతుక్కూర్చుని పెట్టుకున్నాను. పోయింది! తీసేటప్పుడు కాస్త భయమేసింది, కిందికి ఒత్తిడి పెడితే వచ్చింది. రాత్రి గుడ్డ కూడా తోడుగా పెట్టుకుని పడుకుంటే ఒక్క చుక్క మరక. ఇంట్లో బాగా అలవాటయ్యాకే చేనుకు పెట్టుకుపోతాను. ఒక్కటే ఇబ్బంది, కూర్చున్నప్పుడు కాడ గుచ్చుకుంటోంది. కత్తిరించొచ్చా?

గోదావరిఖని క్వార్టర్స్:
కత్తిరించొచ్చు చెల్లె, కానీ బయటికి తీసి, కడిగాక మాత్రమే. ఒకేసారి మొదలంటా కోయకు. కొద్దిగా కత్తిరించి, కొన అరగదీసి మెత్తగా చెయ్యి, ఒక పూట పెట్టుకుని చూడు. కప్పు అడుగుకు మాత్రం కత్తెర తగలనివ్వకు, చిల్లు పడితే కప్పు మొత్తం పాడే. కాడ లేకుండా తీయడం పూర్తిగా చేతికి వచ్చేదాకా కొంచెం ఉంచుకోవడమే మేలు.